ఒక్కో క్రిమిది ఒక్కో దారి

2020 మార్చి 4, బుధవారం. హైదరాబాద్ మాదాపూర్‌లో, హైటెక్ సిటీలోని మైండ్‌స్పేస్ ప్రాంగణంలో 20వ నంబరు భవనం ఖాళీ అయిపోయింది. అందులో ఓ కంపెనీలో పనిచేసే మహిళకు కరోనా సోకిందట అన్న మాట నిమిషాల్లో ఫోన్ల నిండా పాకింది. చుట్టుపక్కల భవనాల్లోని కొన్ని కంపెనీలు కూడా ఉద్యోగులను ఇళ్లకు పంపించేశాయి. అప్పటికి తెలంగాణలో తొలి కేసు బయటపడి రెండు రోజులే అయింది. దుబాయ్ వెళ్లొచ్చి, బెంగళూరు నుంచి బస్సులో హైదరాబాద్ చేరిన ఓ యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గాంధీ ఆస్పత్రిలో చికిత్స పొందుతున్నాడు. భయం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. అయితే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నుంచి మర్నాడు వచ్చిన ఫలితంలో మైండ్‌స్పేస్ ఉద్యోగినికి వైరస్ లేదని తేలింది.

రెండేళ్లు తిరిగాక, 2022 ఏప్రిల్‌లో, అదే మాదాపూర్‌లోని వడ్డెర బస్తీలో ఇంటింటా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పిల్లలు, పెద్దలు పదుల సంఖ్యలో కొండాపూర్ ఏరియా ఆస్పత్రికి చేరారు. ప్రాణనష్టం కూడా జరిగింది. నల్లాలో మురికి నీళ్లు వస్తున్నాయని బస్తీవాసులు మొత్తుకున్నారు. అధికారులు నీటి నమూనాలు తీసుకెళ్లారు. అద్దాల మేడల్లో మాత్రం ఆ వారమంతా పనులు మామూలుగానే సాగాయి.

రెండు సంఘటనలూ జరిగింది ఒకే మాదాపూర్‌లో. మొదటిదానిలో జనం భయపడింది గాలిని చూసి. రెండోదానిలో ముప్పు నీళ్ల గొట్టంలోంచి వచ్చింది. ఒక దారిని మూసే జాగ్రత్త ఇంకో దారిలో ఎందుకూ కొరగాదు. మాస్కు కలరాను ఆపలేదు. కాచి చల్లార్చిన నీళ్లు డెంగీని ఆపలేవు. దోమతెర క్షయను ఆపలేదు. ఏ క్రిమి ఏ దారిన వస్తుందో తెలిసినప్పుడే తలుపు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ పాతికేళ్లలో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల ఐటీ కారిడార్‌లో లక్షల మంది ఒకచోట చేరారు. విమానాలు దిగేవాళ్లు, పీజీ హాస్టళ్లలో ఉండేవాళ్లు, కొత్త భవనాలు కట్టే కూలీలు, ఆ భవనాలను ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు అందరూ ఇక్కడే. క్రిములు నడిచే దారులన్నీ ఇక్కడే కలుస్తాయి.

క్రిముల్లో రకాలు

రోగాలు తెచ్చే సూక్ష్మజీవులన్నిటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. అన్నిటికన్నా చిన్నది వైరస్. కొంచెం జన్యుపదార్థం, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు, అంతే దాని ఒళ్లు. సొంతంగా తినదు, పెరగదు. మన కణంలో దూరి, ఆ కణం చేతే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. కరోనా, ఫ్లూ వంటి వైరస్‌లకు ప్రొటీన్ తొడుగు మీద ఇంకో కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకూ శానిటైజర్‌కూ ఆ పొర చెదిరిపోతుంది, వైరస్ పనికిరాకుండా పోతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరో వైరస్‌కు ఆ కొవ్వు పొరే లేదు. ఆఫీసు గుమ్మం దగ్గర పెట్టిన శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు. సబ్బుతో రుద్ది, పారే నీళ్లతో చేతులు కడుక్కుంటేనే వదులుతుంది. క్యాంటీన్‌లో భోజనానికి ముందు శానిటైజర్ రాసుకుని సరిపెట్టుకోకూడదనడం ఇందుకే.

బ్యాక్టీరియా అలా కాదు. అది పూర్తి స్థాయి జీవి. తింటుంది, పెరుగుతుంది, రెండుగా చీలుతుంది. వాటిలో చాలా భాగం మనకు హాని చేయనివే. మన పేగుల్లో కాపురముండి మేలు చేసేవీ ఉన్నాయి. రోగం తెచ్చేవాటిలో మళ్లీ ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉంటుంది. పేగుల్లో ఉండే ఈ.కొలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. క్షయ తెచ్చే బ్యాక్టీరియాకు అదే పనికి 20 గంటల దాకా పడుతుంది. అందుకే ఒకటి రాత్రికి రాత్రే మనిషిని పడగొడితే, ఇంకోటి నెలల తరబడి లోలోపల తొలిచేస్తుంది. క్షయ మందులు నెలల తరబడి మింగాల్సి రావడానికీ ఆ నెమ్మదే ఒక కారణం.

మూడో రకం పరాన్నజీవులు. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం, జిగట విరేచనాలు తెచ్చే అమీబా వంటి ఏకకణ జీవులు మొదలుకొని, బోదకాలు తెచ్చే దారం లాంటి పురుగుల దాకా ఈ కోవలోకే వస్తాయి. వీటిలో చాలావాటికి ఒక జీవితంలోనే రెండు మూడు మజిలీలుంటాయి. కొన్ని కొంతకాలం దోమలో, కొంతకాలం మనిషిలో గడుపుతాయి. నాలుగో రకం ఫంగస్. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, తడి గోడల మీద పెరిగి కంటికి కనపడని బీజాలను గాల్లోకి వదులుతుంది. ఆ బీజాలను అందరమూ పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో రక్షణ వ్యవస్థ గట్టిగా ఉన్నంతకాలం అవి ఏమీ చేయలేవు.

జబ్బు చేసే విధానం కూడా ఒకటే కాదు. కలరా బ్యాక్టీరియా పేగు గోడను చీల్చుకుని లోపలికి వెళ్లదు. పైనే అంటిపెట్టుకుని ఒక విషాన్ని వదులుతుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా పేగు దాటి రక్తంలోకి చేరుతుంది. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో పెరిగి వాటిని పగలగొడుతుంది. క్షయలో ఊపిరితిత్తులకు జరిగే నష్టంలో పెద్ద వాటా బ్యాక్టీరియాతో మన శరీరం చేసే పోరాటం వల్లే కలుగుతుంది.

గాలి దారి

దేశంలో స్వైన్ ఫ్లూ తొలి కేసు నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే. 2009 మేలో అమెరికా నుంచి దుబాయ్ మీదుగా శంషాబాద్‌లో దిగిన ఓ యువకుడిలో ఆ వైరస్ కనిపించింది. పదకొండేళ్ల తర్వాత తెలంగాణలో తొలి కరోనా కేసు కూడా విదేశీ ప్రయాణంతోనే వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ పుట్టిన శ్వాసకోశ వైరస్ అయినా ఒక్క రోజులో గచ్చిబౌలి చేరగలదు. విమానాశ్రయం నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఆ పైన దూరం గంటలోపే.

చేరాక ఎలా పాకుతుంది? దగ్గినా తుమ్మినా, మాట్లాడినా కూడా నోటి నుంచి తుంపర్లు వస్తాయి. పెద్ద తుంపర్లు ఒకటి రెండు మీటర్లలోపే నేల మీద పడిపోతాయి. అతి సన్నని తుంపర్లు తడి ఆరిపోయి గంటల తరబడి గాల్లో తేలుతుంటాయి. కరోనా మొదటి నెలల్లో జనం లిఫ్టు బటన్లను, తలుపు పిడులను తుడిచి తుడిచి అలిసిపోయారు. అసలు ముప్పు గదిలోని గాలిలో ఉందని తర్వాత్తర్వాత స్పష్టమైంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, చండీగఢ్‌లోని ఐఎంటెక్ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు ఆస్పత్రుల్లో, ఇళ్లలో, కరోనా రోగులున్న గదుల్లో గాలి నమూనాలు పట్టి చూశారు. ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది రోగులున్న గదుల్లో 75 శాతం నమూనాల్లో వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఒక్కరే ఉన్నా, రోగి బయటికి వెళ్లిపోయినా ఆ వాటా 16 శాతం దగ్గర ఉంది. గాలి ఆడకుండా మూసి ఉన్న గదుల్లో వైరస్ ఎక్కువసేపు నిలిచి ఉన్నట్టు కూడా వాళ్లు గమనించారు.

అద్దాల భవనాల్లో కిటికీలు తెరుచుకోవు. కేంద్రీకృత ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ మళ్లీ తిప్పుతుంది. కరెంటు ఖర్చు తగ్గుతుందని బయటి గాలి వాటా తగ్గించేస్తే ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు పీల్చాల్సిందే. దీన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో సుమారు 420 పాళ్లు ఉంటుంది. చిన్న మీటరు కొని మీటింగ్ గదిలో పెడితే, ఆ అంకె 1000 దాటినప్పుడు గదిలోకి కొత్త గాలి చాలినంత రావడం లేదని అర్థం. రాత్రి షిఫ్టు క్యాబ్‌లో అద్దాలు కాస్త దించినా గాలి ఎంతో మారుతుంది.

ఈ గాలి దారిలో అన్నిటికన్నా పాత బాటసారి క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అది పేదల జబ్బనీ, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి వెళ్లేవాళ్లకే వస్తుందనీ చాలామంది అనుకుంటారు. ఊపిరి పీల్చే ఎవరికైనా అది సోకగలదు. బ్యాక్టీరియా ఒంట్లో చేరినవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికే ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది. మిగతావాళ్లలో నిద్రపోతూ ఉంటుంది. మధుమేహం, పోషకాహార లోపం, పొగతాగడం దాన్ని లేపుతాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. సరైన మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే చాలామంది ఇతరులకు అంటించే స్థితి దాటిపోతారు. ఉద్యోగం పోతుందన్న భయంతో జబ్బు దాచుకునే సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ కార్మికురాలు మందు మొదలుపెట్టడం ఆలస్యమైతే ఆ అంతస్తులో అందరికీ నష్టమే. జబ్బు చెప్పుకున్నందుకు పని పోదన్న భరోసా యాజమాన్యం ఇస్తే అదే సగం నివారణ.

మనిషి నుంచి మనిషికి రాకుండా, భవనం నుంచే మనిషికి వచ్చే గాలి జబ్బు కూడా ఒకటుంది. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఓ హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగింది. హాజరైనవాళ్లు వరుసగా న్యుమోనియాతో పడిపోయారు. పాతిక మందికి పైగా చనిపోయారు. ఆరు నెలల పరిశోధన తర్వాత అప్పటిదాకా ఎవరికీ తెలియని బ్యాక్టీరియా ఒకటి దొరికింది. దానికి లెజియోనెల్లా అని పేరు పెట్టారు. గోరువెచ్చని నిల్వ నీటిలో, ఏసీల కూలింగ్ టవర్లలో అది పెరుగుతుంది. సన్నని నీటి తుంపర్లతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూలింగ్ టవర్లను వేళకు శుభ్రం చేయించడం భవన నిర్వాహకుల పనుల్లో ఎందుకు ముందుండాలో ఆ హోటల్ చరిత్రే చెబుతుంది.

నీటి దారి

వడ్డెర బస్తీ కన్నా పదమూడేళ్ల ముందు, 2009 మేలో, హైదరాబాద్ నడిబొడ్డున భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి జనం ప్రాణాలు కోల్పోయారు. పాత పైపులు, వాటి పక్కనే డ్రైనేజీ గొట్టాలు ఉన్నచోట ఈ ముప్పు ఎప్పుడూ పొంచి ఉంటుంది. నగరంలో నల్లా నీళ్లు రోజంతా రావు. నీళ్లు వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీరు బయటికే కారుతుంది. సరఫరా ఆగిపోయాక గొట్టం ఖాళీ అవుతుంది, ఒత్తిడి పోతుంది. చుట్టూ మట్టిలో నిలిచిన మురుగు అదే చిల్లులోంచి లోపలికి పోతుంది. మర్నాడు నల్లా తిప్పగానే వచ్చే మొదటి బిందెలో ఆ మురుగు ఉంటుంది. కొందరు నేరుగా గొట్టానికే మోటారు బిగిస్తారు. ఆ లాగుడుకు మురుగు ఇంకా వేగంగా లోపలికి వస్తుంది.

కలరా వస్తే మనిషి గంటల్లోనే ఎలా నీరసించిపోతాడో శాస్త్రానికి చూపింది భారతీయుడే. కలకత్తాలో శంభునాథ్ దే అనే వైద్యుడు 1959లో కలరా బ్యాక్టీరియా ఒక విషాన్ని విడుదల చేస్తుందని నిరూపించాడు. ఆ విషం పేగు కణాలకు అంటగానే కణాలు ఒంట్లోని నీటినీ ఉప్పునూ ఆపకుండా బయటికి పంపుతాయి. మనిషి చనిపోయేది ఆ నీరు పోవడం వల్లే. అందుకే చికిత్స కూడా ఆ నీటిని తిరిగి ఇవ్వడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి తాగించాడు. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతంలోపుకు దిగాయి. ఓఆర్‌ఎస్ పొట్లం అందుబాటులో లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే చాలు. రెండూ మట్టంగా కొలిచిన చిన్న చెంచాలే కావాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

టైఫాయిడ్‌దీ ఇదే దారి, అయితే దానికి ఇంకో వాహనం కూడా ఉంది. అది వంట చేసేవారి చెయ్యి. జ్వరం తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో ఆ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు, మలం ద్వారా మాత్రం క్రిమి బయటికి వస్తూనే ఉంటుంది. వందేళ్ల కిందట న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి పనిచేసిన చాలా ఇళ్లలో టైఫాయిడ్ రావడానికి కారణం ఇదే. 2022 జులైలో తెలంగాణ ప్రజారోగ్య సంచాలకుడు డాక్టర్ జి. శ్రీనివాసరావు టైఫాయిడ్ కేసుల గురించి మాట్లాడుతూ పానీపూరిని వేలెత్తి చూపారు. పానీపూరిలో నీళ్లను కాచరు, అమ్మేవారి చెయ్యి ప్రతి పూరీతో పాటు ఆ కుండలో మునుగుతుంది. బండి దగ్గర సబ్బూ, శుభ్రమైన నీళ్లూ దొరికే ఏర్పాటు చేయడం నగరం బాధ్యత. టైఫాయిడ్‌కు నమ్మకమైన టీకా కూడా ఉంది. నగర శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది. ఆ తరహా టీకాల్లో ఆ గుర్తింపు పొందిన మొదటిది అదే.

దోమ దారి

దోమకూ మలేరియాకూ ఉన్న లంకె బయటపడింది కూడా ఈ నగరంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేట దగ్గర, సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. ఉక్కపోత చంపేస్తోంది. పంకా ఊపిద్దామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. నాలుగు రోజుల కిందట అతని రక్తం తాగిన ఒక దోమ పొట్ట గోడలో రాస్‌కు గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రంగు రేణువులు కనిపించాయి. మలేరియా రోగుల రక్తంలో కనిపించే రేణువులే అవి. దోమ కణాల్లో అవి ఉండాల్సిన పని లేదు. పరాన్నజీవి దోమలో పెరుగుతోందన్నమాట. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆగస్టు 20ని ప్రపంచం దోమల దినంగా జరుపుకుంటోంది.

ఇప్పుడు ఐటీ కారిడార్‌కు తలనొప్పి డెంగీ. దాన్ని మోసే ఎడిస్ దోమకు మురుగు పట్టదు, మంచినీళ్లు కావాలి. పగలే కుడుతుంది. కట్టుబడి జరుగుతున్న ఒక భవనంలోకి వెళ్లి చూస్తే దానికి కావలసినవన్నీ అమిరి ఉంటాయి. స్లాబు గట్టిపడటానికి పైన చిన్న గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు. ఇంకా బిగించని లిఫ్టు గుంతలో వాన నీళ్లు చేరతాయి. సెల్లార్‌లో ఊట నీరు, మూత లేని డ్రమ్ములు, కూలీల గుడిసెల మీద కప్పిన టార్పాలిన్ మడతల్లో నిలిచిన నీళ్లు, అన్నీ కలిసి వందల తొట్లు. ఆడ దోమ నీటి గీతకు కాస్త పైన, తడి గోడకు ఆనించి నల్లటి గుడ్లు పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ వాన పడి నీళ్లు పైకి వచ్చిన రోజు పొదుగుతాయి. అందుకే డ్రమ్ము ఒంపేస్తే చాలదు, లోపలి గోడను కొబ్బరి పీచుతో రుద్దాలి. పొదిగిన పిల్ల పురుగులు నీటి పైపొర కింద తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తాయి. మన నీడ పడితే చాలు, మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది.

ఆ వారమే మన చేతిలో ఉన్న గడువు. వారానికోసారి నిల్వ నీళ్లు పారబోస్తే దోమ పుట్టనే పుట్టదు. 2020 మేలో తెలంగాణ పురపాలక శాఖ మొదలుపెట్టిన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమం ఈ లెక్క మీదే నిలిచింది. ఎడిస్ దోమ సాధారణంగా పుట్టినచోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. అంటే గేటెడ్ కమ్యూనిటీలో కుట్టిన దోమ ఆ కమ్యూనిటీలోనో, పక్క గోడ అవతలి కట్టుబడిలోనో పుట్టి ఉంటుంది. పొగ కొట్టే యంత్రం ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది, గుడ్లనూ పిల్లలనూ తాకదు. పొగ కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది, నాలుగు రోజులకు కొత్త తరం లేస్తుంది. 2019లో తెలంగాణలో 13 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. ఆ అక్టోబరులో హైకోర్టు ప్రభుత్వ ఉన్నతాధికారులను పిలిపించి నిలదీసింది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి ఒక రకం వస్తే జీవితాంతం దాని నుంచే రక్షణ ఉంటుంది. రెండోసారి ఇంకో రకం సోకితే తీవ్రమయ్యే ముప్పు ఎక్కువ. చాలామంది ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతారు. వైద్యులు అంతకన్నా జాగ్రత్తగా చూసేది జ్వరం తగ్గే రోజును. అప్పుడే సన్నని రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారే ప్రమాదం ఉంటుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

చెరువుల సంగతి వేరు. గుర్రపుడెక్క కమ్మేసి, మురుగు చేరిన నీటిలో పెరిగేది క్యూలెక్స్ దోమ. రాత్రిళ్లు కుడుతుంది, బోదకాలు పురుగును మోస్తుంది. దీనికి ఇంట్లో డ్రమ్ములు కడిగితే లాభం లేదు. మురుగు చెరువులోకి పోకుండా ఆపడం, గుర్రపుడెక్క తీయించడమే మార్గం.

స్పర్శ, మట్టి

ఒక గదిలో ముగ్గురు నలుగురు ఉండే పీజీ హాస్టళ్లలో తువ్వాళ్లు, దుప్పట్లు మారిపోవడం మామూలే. గజ్జి తెచ్చే సూక్ష్మమైన పురుగు, తామర తెచ్చే ఫంగస్ అలాగే పాకుతాయి. గజ్జి ఒకరికి వస్తే గదిలో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. లేకపోతే అది గదిలోనే తిరుగుతుంటుంది. తామరకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను రెండు రోజుల్లో తగ్గిస్తాయి, ఫంగస్‌ను మాత్రం పెంచి పోషిస్తాయి. దేశమంతటా మొండి తామర పెరగడానికి ఈ అలవాటు ఒక పెద్ద కారణం.

ఫంగస్ ఎంత ప్రాణాంతకం కాగలదో 2021 వేసవి చూపింది. కరోనా రెండో ఉద్ధృతిలో స్టెరాయిడ్ల వాడకం, అదుపు తప్పిన మధుమేహం కలిసిన రోగుల్లో బ్లాక్ ఫంగస్ ముక్కు నుంచి కంటికి, మెదడుకు పాకింది. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి రోగులు పోటెత్తారు. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు ఊరంతా తిరిగాయి. ఆ బీజాలు ఎప్పుడూ మట్టిలో ఉన్నవే. మారింది మన ఒంటి పరిస్థితి.

మందు పని చేయాలంటే

రకాలు తెలియకపోవడం వల్ల జరిగే అతిపెద్ద నష్టం మందుల దగ్గరే. యాంటీబయోటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, వైరస్‌ను ఏమీ చేయదు. జలుబుకు, ఫ్లూకు, డెంగీకి అజిత్రోమైసిన్ వేసుకుంటే లోపల ఉన్న బ్యాక్టీరియాలో మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. హైదరాబాద్‌కు ఈ విషయంలో అదనపు బాధ్యత ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జొయాకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బయటపడే బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుంది? పటాన్‌చెరు, హైటెక్ సిటీ రెండూ ఒకే మహానగరంలోనివే.

ఇదే నగరం మురుగు నుంచి మేలు తీయడం కూడా చూపింది. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీశారు. కరోనా సోకినవాళ్ల మలంలో వైరస్ ఆనవాళ్లు ఉంటాయి. ఆ లెక్కతో చూస్తే దాదాపు 2 లక్షల మంది అప్పటికి వైరస్‌ను విసర్జిస్తున్నారనీ, నెల రోజుల్లో 6.6 లక్షల మందికి సోకి ఉండవచ్చనీ తేలింది. పరీక్షా కేంద్రాల్లో నమోదైన కేసుల కన్నా ఆ అంకె ఎన్నో రెట్లు పెద్దది. ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా, పేరు అడగకుండా నగరం ఆరోగ్యాన్ని చదివే పద్ధతి ఇది.

ఈ కారిడార్‌లోని పెద్ద అపార్టుమెంట్లకూ ఐటీ పార్కులకూ సొంత మురుగు శుద్ధి కేంద్రాలున్నాయి. వాటి నమూనాలను క్రమం తప్పకుండా పరీక్షిస్తే టైఫాయిడ్, కలరా, కొత్త శ్వాసకోశ వైరస్‌ల జాడ ఆస్పత్రులు నిండకముందే దొరుకుతుంది. అంతకన్నా చవకైన పని ఇంకొకటి ఉంది. నల్లా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. దాన్ని కొలిచే కిట్ చేతి సంచిలో పడుతుంది. రెండు చుక్కల ద్రావణం వేసి రంగు చూస్తే సరిపోతుంది. ఆ కొలత జలాశయం దగ్గర తీస్తే ఏమీ తెలియదు. వడ్డెర బస్తీ వంటి చోట్ల, గొట్టం చివరి ఇంటి నల్లా దగ్గర, నీళ్లు వదిలిన మొదటి నిమిషంలో తీయాలి. రంగు రాకపోతే ఆ వీధికి ఆ గంటలోనే ట్యాంకరు పంపాలి, చిల్లు ఎక్కడుందో ఆ రోజే తవ్వి చూడాలి.